నీళ్ళోసుకున్నాక

నికొలాసాకి నొప్పులొచ్చింది ఆగస్టులో,
గాలి గులకరాళ్ళు విసిరే నెల.
ఇంత ఎత్తున మా ఊళ్ళో
బంగాళాదుంప ఉడకాలంటే
జపమాల మొత్తం ఒకసారి తిప్పాలి.
బిడ్డ ఊపిరి అందుకోవడానికి
అంతసేపు ఆగలేం.

కరెంటు పోయింది.
ఆమె మరిది గుమ్మంలో అటు తిరిగి నిలబడి
సెల్‌ఫోను లైటు మాత్రం ఇటు పట్టాడు.
ఆ వెలుగులో తల, భుజం,
తర్వాత చేపలా మిగతాది.
ఆడపిల్ల.

బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కోశాను.
డాక్టరమ్మ చెప్పినట్టే
నీలం మూత సీసాలో రెండు చెంచాల రక్తం పట్టాను.
పేరు రాయకూడదట, నంబరు చాలట.
నూట పద్నాలుగు.
పిల్లకి ఇంకా పేరు లేదు కాబట్టి
నాకేం తప్పనిపించలేదు.

కార్నివాల్ రోజుల్లో కాగితం వచ్చింది,
మొహం నిండా పిండి పూసుకుని ఉన్నాం అందరం.
లిథియం. బోరాన్. పాషాణం.
సీజియం అట ఇంకోటి,
నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది.
ఒక వరస తల్లిది, ఒక వరస పిల్లది.
లిథియం దగ్గర రెండు అంకెలూ
కవలల్లా ఉన్నాయి.
మాయ అడ్డం పడుతుందనుకున్నాను ఇన్నేళ్ళూ.
నా చేతులతో ఎన్ని మాయలు పాతిపెట్టాను,
ఒక్కదాన్నీ అడగలేదు
నువ్వు ఎవర్ని ఆపావు, ఎవర్ని రానిచ్చావు అని.

"విషమా?" అంది నికొలాసా.
డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.
తెలీదంది. ఇక్కడివాళ్ళకి తరాలుగా అలవాటై ఉండొచ్చంది.
అన్నిటికీ అలవాటు పడకపోయి కూడా ఉండొచ్చంది.
ముసలి ఎదువీహెస్ మాత్రం నవ్వింది:
"ఈ నేల ఉప్పు తిన్నాం,
నేల మనలో ఉండకపోతే ఎక్కడుంటుందే!"
ఆమె కన్నది తొమ్మిదిమందిని.
ఉన్నది ఆరుగురు.
ఆ ముగ్గురి సంగతి ఏ కాగితంలోనూ లేదు.

అట్ట అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట:
చనుబాలలో పాషాణం దాదాపు లేదు.
మూడుసార్లు చదివాను.
రక్తం రానిచ్చిన దాన్ని
పాలు గడప దాటనివ్వలేదు.
పరుగెత్తుకెళ్ళి చెప్పాను. నికొలాసా
మగ్గు ఎత్తి ఊటనీళ్ళు గడగడా తాగి
మూతి తుడుచుకుని
పిల్లని రొమ్ముకి అదుముకుంది.
మరి లిథియమో అని అడగలేదు.
నేనూ చెప్పలేదు.

కొండ కింద ఉప్పుమైదానంలో
అదే సరుకు కోసం లారీలు తిరుగుతున్నాయి.
వాళ్ళు తోడేది టన్నుల్లో.
ఆ రాత్రి తలుపేసుకుని
మిగిలిన సీసా మీద నూట పదిహేను అని రాసి
నా వేలు పొడుచుకున్నాను.
నలుగుర్ని మోశాను నేనూ, ఈ నీళ్ళు తాగే.
నీళ్ళోసుకున్నానని పొంగిపోయాను నాలుగుసార్లూ,
ఏ నీళ్ళో చూసుకోలేదు.
సీసా పంపలేదు. బీరువాలో పెట్టాను.

మళ్ళీ ఆగస్టు.
నేలతల్లి నోరు తెరిచే రోజు,
గుంట తవ్వి వడ్డించాం:
ఉడికిన దుంపలు, చిచా, కోకా ఆకులు,
ఆమెకీ ఒక సిగరెట్టు.
నా వంతు వచ్చినప్పుడు
కొంగు చాటున సీసా మూత తీశాను.
ఎండి అట్టకట్టింది, తట్టి తట్టి దులిపాను.
అప్పు తీరుతుందని కాదు.
ఎంత పెట్టిందో ఆమెకీ తెలియాలి కదా.

వెనక ఏదో అలికిడి.
ఏడాది నిండిన నూట పద్నాలుగు,
ఇప్పుడు పేరు సెనోబియా,
తవ్విన మట్టి కుప్ప పక్కన చతికిలబడి
గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.
నికొలాసా వేలు పెట్టి
చిగుళ్ళ వెంట తిప్పి తీసింది.
అంతా రాలేదు.